పౌలు కూడా పుల్లలు ఏరాడమ్మా

అక్టోబరు వచ్చిందంటే మా గోపాలపూర్‌లో ఎవరూ సముద్రానికి వీపు పెట్టి కూర్చోరు. ఎండ కాస్తున్నా సరే, మాటల మధ్యలో ఒకసారి అటు చూసి మళ్లీ మాట అందుకుంటారు. నాకూ అదే అలవాటు. ఈ మధ్య ముసురు పట్టిన ఒక సాయంత్రం పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే మా మామ్మ బైబిలు బయటపడింది. అట్ట ఊడిపోతే దారంతో కుట్టుకుంది, ఆ కుట్టు కూడా ఊడిపోయింది. అపొస్తలుల కార్యములు చివరి పేజీలు మాత్రం మిగతావాటికంటే ముదురు రంగులో ఉన్నాయి, ఒకప్పుడు తడిసి ఉబ్బి ఆరినవి. వాటిని తడుముతుంటే 1999 నాటి ఆ రాత్రి అంతా గుర్తొచ్చింది. అప్పుడు నాకు పన్నెండేళ్లు.

మేం గంజాం జిల్లా తెలుగువాళ్లం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు గంజాం అటు వెళ్లింది. మా ఇళ్లలో మాట మాత్రం తెలుగే. సంతలో ఒడియా, బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా ఎవరిని కదిపినా ఒక చుట్టం అటు, ఒక చుట్టం ఇటు ఉంటారు. గోపాలపూర్‌లో చేపల వేటకి వెళ్లేవాళ్లలో చాలామంది తెలుగువాళ్లే. మాకు పడవ లేదు. నాన్న లారీ డ్రైవరు. కానీ మా వీధి అంతా వలలే. పొద్దున్న లేస్తే ఎండబెట్టిన చేపల వాసన, సాయంత్రం సరుగుడు తోటల్లోంచి వచ్చే గాలి చప్పుడు. శ్రావణం, భాద్రపదాల్లో మొగలిపూలు విచ్చుకుంటే ఊరంతా ఆ వాసనే.

బడిలో ఒడియా అక్షరాలే నేర్పేవారు కాబట్టి నాకు తెలుగు చదవడం నేర్పింది మామ్మే. పలక మీద కాదు, బైబిలు మీద. 'వచ్చెను', 'పోయెను', 'పలికెను' అన్న మాటలతోనే నేను తెలుగు చదవడం మొదలుపెట్టాను. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పింది మా పక్కనున్న పర్లాకిమిడిలోనే. సవర భాషకి ఆయన చేసిన సేవ ఇప్పటికీ గజపతి జిల్లాలో చెప్పుకుంటారు. ఆయన వాదనే సరైనదని పెద్దయ్యాక నాకు అర్థమైంది. కానీ మామ్మ వేలు కింద నడిచిన ఆ గ్రాంథికం అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. గాలి హోరులో ఆ మాటలు విన్నవాళ్లకి అవి పుస్తకంలో మాటల్లా అనిపించవు.

మామ్మ అంటే నాన్న వాళ్లమ్మ. 1931లో రంగంలో పుట్టింది. ఇప్పటి పిల్లలకి రంగం అంటే తెలియదు. రంగూన్‌ని మావాళ్లు రంగం అనేవారు. ఆ రోజుల్లో గోపాలపూర్ పెద్ద రేవు. ఇక్కడి నుంచి స్టీమర్లు నేరుగా రంగూన్ వెళ్లేవి. గంజాం నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి వేలమంది ఆ స్టీమర్లు ఎక్కి బర్మాలో రైసు మిల్లుల్లో, ఓడరేవులో కూలి పనికి వెళ్లారు. మామ్మ వాళ్ల నాన్న కూడా అలా వెళ్లినవాడే. టెక్కలి దగ్గర పల్లెలో ఉన్నప్పుడే కెనడా బాప్టిస్టు మిషను వాళ్ల ద్వారా ఆ కుటుంబం క్రీస్తుని నమ్ముకుంది. రంగంలో కూడా తెలుగువాళ్లు ఆదివారం కూడుకుని ఆరాధన చేసుకునేవారట.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. స్టీమర్లలో చోటు డబ్బున్నవాళ్లకి దొరికింది. కూలివాళ్లు నడక పట్టారు. మామ్మకి అప్పుడు పదేళ్లు. ప్రోమ్ దాకా ఎలాగో చేరారు. అక్కడి నుంచి అరకాన్ కొండలు దాటి టాంగప్ అనే ఊరి మీదుగా సముద్రపు ఒడ్డుకి, అక్కడ పడవ పట్టుకుని అక్యాబ్‌కి, తర్వాత చిట్టగాంగ్‌కి. దారిలో నీళ్లు లేవు. కలరా తగిలింది. దారి పక్కన మనుషులు కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పోయారని మామ్మ చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు మారేది కాదు, చేతులు మాత్రం చీర కొంగుని మడతలు పెట్టేవి.

మామ్మ వాళ్లమ్మకి చదువు రాదు. కానీ 121వ కీర్తన కంఠతా వచ్చు. ఎనిమిదే వచనాలు. కొండల వైపు కళ్లెత్తి, నాకు సాయం ఎక్కడి నుంచి వస్తుందని అడిగే కీర్తన అది. కాపాడేవాడు కునకడు, నిద్రపోడు అంటుంది. పగటి ఎండ దెబ్బ గానీ రాత్రి వెన్నెల దెబ్బ గానీ నీకు తగలదు అంటుంది. ఆ కొండల్లో ఎక్కుతూ ఆవిడ అడుగుకో మాట చొప్పున ఆ కీర్తన చెప్పుకుంటూ నడిచిందట. వెనక పిల్లలు ఆమె కొంగు పట్టుకుని అదే మాట పలికేవారు. నాలుగేళ్ల తమ్ముడు కొండ దిగకముందే కలరాతో పోయాడు. ఆకులు కప్పి, ఒక రాయి పెట్టి, మళ్లీ నడిచారు.

"ఆ రోజు కూడా కీర్తన చెప్పిందా మామ్మా?" అని అడిగాను ఒకసారి.

"చెప్పింది. ఏడుస్తూనే చెప్పింది. ఆపితే కాళ్లు ఆగిపోతాయి గుంటా" అంది.

దేవుడు కునకడు, నిద్రపోడు అంటే మరి తమ్ముడు ఎందుకు పోయాడు? పిల్లలం కదా, మనసులో దాచుకోవడం తెలియదు, అదీ అడిగేశాను. మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనూ అడిగానమ్మా. ఇప్పటికీ అడుగుతానే ఉన్నాను. జవాబు చెప్పలేదు. కానీ నన్ను వదిలి ఎక్కడికీ పోలేదు" అంది. తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాను. మంచివే విన్నాను. కానీ నా విశ్వాసం నిలబడింది ఆ మూడు ముక్కల మీద. ఎందుకు అని అడగడం పాపం కాదని, జవాబు రాకపోయినా ఆయన పక్కనే ఉంటాడని నాకు అంత చిన్నప్పుడే ఒకరు చెప్పారు. అది నా భాగ్యం.

ఇక ఆ తుఫాను సంగతి.

1999 అక్టోబరు 17 ఆదివారం. దసరా రోజులు. బరంపురంలో మండపాలు, లైట్లు, మైకులు. నాన్న మూడు రోజుల కిందట జీడిపప్పు లోడు వేసుకుని విశాఖపట్నం వెళ్లాడు. రేడియోలో తుఫాను కబురు ముందే వచ్చింది. ఉదయం ఆరాధనకి వెళ్లేటప్పటికే ఆకాశం బూడిద రంగులో ఉంది, సముద్రం ఒడ్డుని తన్నుతున్నట్టు చప్పుడు. పాస్టరయ్యగారు ప్రసంగం కుదించి, "మధ్యాహ్నం నుంచి చర్చి తలుపులు తీసే ఉంటాయి. మన వీధిలో ఎవరున్నా తీసుకురండి. మనవాళ్లా కాదా అని చూడకండి" అన్నారు.

మాది రెల్లుగడ్డి కప్పిన ఇల్లు. అమ్మ బియ్యం డబ్బా, తమ్ముడి స్వెట్టరు, రేషను కార్డు మూట కట్టింది. మామ్మ బైబిలు రొమ్ముకి అదుముకుని ఇంకో చేత్తో అన్నం గుండిగ పట్టుకుంది. "గుండిగ ఎందుకత్తా, బరువు" అంది అమ్మ. "జనం ఉంటారు కదా, వండాలి కదా" అంది మామ్మ. అంతే. ఇల్లు పోతుందన్న మాటే ఎత్తలేదు.

చర్చి పాత కట్టడం. గోడలు చాలా మందం, పైన పెంకులు. వెనక ఒక శ్లాబు గది, ఆదివారపు బడి కోసం కట్టింది. చీకటి పడేసరికి వీధిలో సగం మంది అక్కడే ఉన్నారు. వలలు ఒడ్డున కట్టేసి వచ్చిన వేటగాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, ఒక ఒడియా మేస్త్రీ కుటుంబం, రెండు మేకలు. గంగమ్మ తల్లికి మొక్కేవాళ్లు మొక్కుకుంటున్నారు. మా వాళ్లు పాటలు పాడుతున్నారు. ఎవరూ ఎవరినీ ఆపలేదు. మామ్మ లాంతరు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి లెక్కపెట్టింది. అరవై ఇద్దరు. "లెక్క తెలిస్తే పొద్దున్న ఎవరు లేరో తెలుస్తాది" అంది. టాంగప్ దారిలో వాళ్ల నాన్న ప్రతి రాత్రీ అలాగే లెక్కపెట్టేవాడని నాకు తర్వాత తెలిసింది.

రాత్రి భోజనాలయ్యాక గాలి మొదలైంది. మొదలైంది అంటే, అప్పటిదాకా ఉన్నది గాలి కాదని అప్పుడు తెలిసింది. ఆ చప్పుడుని ఎలా చెప్పాలో ఇన్నేళ్లయినా నాకు తెలియదు. గూడ్సు బండి వంతెన మీద వెళుతూ, వెళుతూ, ఎంతకీ పూర్తి కాకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. పెంకులు ఒకటొకటే లేచాయి, తర్వాత గుంపుగా లేచాయి. చర్చిలోకి వాన అడ్డంగా కొట్టింది. అందరం వెనక శ్లాబు గదిలోకి దూరాం. ఇరవై మంది పట్టే గదిలో అరవై ఇద్దరం, మేకలతో సహా. తలుపుకి బల్లలు అడ్డం పెట్టి నలుగురు మగవాళ్లు వీపులు ఆనించి కూర్చున్నారు. తమ్ముడు ఏడుపు ఆపడం లేదు. నాకు కడుపులో ఏదో ముద్దలా గడ్డకట్టుకుపోయింది. నాన్న ఎక్కడున్నాడో తెలియదు.

అప్పుడు మామ్మ లాంతరు దగ్గరికి జరిగి బైబిలు తీసింది. 46వ కీర్తనో, 23వ కీర్తనో చదువుతుందనుకున్నాను. అందరూ కష్టంలో అవే చదువుతారు కదా. కానీ ఆమె అపొస్తలుల కార్యములు 27 తీసి నా ఒళ్లో పెట్టింది. "నా కళ్లు ఆనవు. నువ్వు చదువు. గట్టిగా చదువు."

పౌలుని ఖైదీగా రోమాకి తీసుకెళ్లే ఓడ కథ అది. క్రేతు దీవి ఒడ్డు వెంబడి వెళ్తుండగా పెనుగాలి పట్టుకుంటుంది. ఆ గాలి పేరు మా తెలుగు బైబిలులో ఊరకులోను అని ఉంటుంది. ఆ పేరు చదవగానే తమ్ముడు ఏడుపు ఆపి, "గాలికి పేరుంటాదా?" అన్నాడు. ఆ రాత్రి మేం విన్న మొదటి చిన్న నవ్వు ఆ గదిలో అప్పుడే పుట్టింది.

నేను చదువుతున్నకొద్దీ తలుపుకి ఆనుకుని కూర్చున్న వేటగాళ్లు మెల్లగా ఇటు తిరిగారు. వాళ్లలో ఎక్కువమంది బైబిలు ముట్టనివాళ్లు. కానీ ఇది సముద్రం కథ. సరుకులు సముద్రంలో పారేశారు అని చదివితే, "అదే చెయ్యాలి, బరువు తగ్గాలి" అన్నాడొకడు. చాలా రోజులు సూర్యుడు గానీ నక్షత్రాలు గానీ కనపడలేదు అంటే అందరూ తలూపారు. దిక్కు తెలియకపోవడం అంటే ఏమిటో వాళ్లకి చెప్పక్కర్లేదు. లోతు చూస్తే ఇరవై బారలు, కొంచెం ముందుకెళ్తే పదిహేను బారలు అని చదవగానే వెనక నుంచి ఒక ముసలి తాత, "ఒడ్డు దగ్గరికొచ్చేసింది, ఇంక రాళ్లకి కొట్టుకుంటాది" అన్నాడు. తర్వాతి వచనంలో అదే ఉంది. రాళ్లున్న చోట తగులుకుంటామని భయపడి ఓడ వెనక నుంచి నాలుగు లంగర్లు వేసి, ఎప్పుడు తెల్లవారుతుందా అని ఎదురుచూశారు. తాత కళ్లు పెద్దవి చేసుకుని, "రాసినవాడికి సముద్రం తెలుసు" అన్నాడు. నాకు ఆ నిమిషం ఎంత గర్వంగా అనిపించిందో! నా పుస్తకాన్ని వాళ్లు ఒప్పుకున్నారు.

ఓడవాళ్లు చిన్న పడవ దింపుకుని పారిపోబోయారు అని వచ్చేసరికి గదిలో తిట్లు వినిపించాయి. పౌలు మాత్రం ముందే చెప్పేశాడు, ఓడ పోతుంది, మీలో ఒక్కరి ప్రాణమూ పోదు అని. మామ్మ అక్కడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "చూసారా, ఓడ ఉంటాదని చెప్పలేదు. మనుషులు ఉంటారని చెప్పాడు. ఇల్లు పోతాది. వల పోతాది. పోనీండి. మనం ఉండాలి" అంది. తర్వాత పౌలు పద్నాలుగు రోజులుగా తిండి మానేసిన వాళ్లతో, ఏదైనా తినండి, మీ ప్రాణానికి మంచిది అంటాడు. రొట్టె పట్టుకుని అందరి ముందూ దేవుడికి కృతజ్ఞత చెప్పి, విరిచి, తాను మొదట తింటాడు. అది చూసి అందరికీ ధైర్యం వస్తుంది. ఓడలో మొత్తం 276 మంది. ఆ అంకె నేను చదవగానే మామ్మ, "చూసావా, వాళ్లూ లెక్కపెట్టుకున్నారు" అంది. గుండిగలో మిగిలిన అన్నం కొంచెం కొంచెం అందరి చేతుల్లో పెట్టింది. పాస్టరయ్యగారు కూడా తీసుకున్నారు. చల్లటి అన్నం, కొంచెం ఉప్పు. కడుపులో ఆ ముద్ద అప్పుడు కరిగింది.

అర్ధరాత్రి వేళ ఒక్కసారిగా గాలి ఆగిపోయింది. అంత హోరు తర్వాత ఆ నిశ్శబ్దానికి చెవులు నొప్పి పుట్టాయి. తుఫాను అయిపోయిందని కుర్రాళ్లు బల్లలు లాగబోయారు. ముసలి తాత లేచి తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "ఇది తుఫాను కన్ను. గాలి మళ్లుతాది. ఇప్పుడు బయటికెళ్లినవాడు తిరిగి రాడు" అన్నాడు. ఇద్దరు కోప్పడ్డారు, వాళ్ల పడవలు చూసుకోవాలంట. మామ్మ ఒకటే మాట అంది, "ఇప్పుడే కదా చదివాం. ఓడలో ఉంటేనే బతుకుతారని". వాళ్లు కూర్చున్నారు. తర్వాత గాలి రెండోవైపు నుంచి వచ్చింది, ముందుకంటే కసిగా. అప్పుడే కిటికీ రెక్క ఊడి నీళ్లు నా ఒళ్లోని పుస్తకం మీద పడ్డాయి. ఆ మరకలే ఇవి.

అప్పటికి నేను అలిసిపోయాను. మామ్మ ఒళ్లో తల పెట్టి, "నాన్న వస్తాడా?" అని అడిగాను. తప్పకుండా వస్తాడు అంటుందని నాకు నమ్మకం. పెద్దవాళ్లు అలాగే చెబుతారు. ఆమె అలా చెప్పలేదు. "నాకు తెలీదమ్మా. దేవుడికి తెలుసు. మీ నాన్న ఉన్న చోట కూడా ఆయన ఉన్నాడు. నువ్వు పడుకో, నేను మేలుకునుంటాను" అంది. కొడుకు ఎక్కడున్నాడో తెలియని తల్లి ఆమె. తనకి తెలియనిది తెలుసని చెప్పలేదు. అందుకే, తెలుసని చెప్పినదాన్ని నేను నమ్మగలిగాను. నిద్ర పట్టింది కూడా.

తెల్లవారింది. తలుపు తీస్తే వీధి లేదు. సరుగుడు చెట్లు దువ్వెన పళ్లు విరిగినట్టు విరిగి పడున్నాయి. మా ఇంటి చోట మట్టి అరుగు, రుబ్బురోలు మిగిలాయి. పడవలు కొన్ని ఇసుకలో సగం కూరుకుపోయాయి, కొన్ని లేనే లేవు. ఆడవాళ్లు శోకాలు పెట్టారు. అమ్మ అరుగు మీద కూర్చుండిపోయింది.

మామ్మ మళ్లీ లెక్కపెట్టింది. అరవై ఇద్దరూ ఉన్నారు. తర్వాత నడుముకి కొంగు చుట్టి, వంగి, విరిగిన సరుగుడు పుల్లలు ఏరడం మొదలుపెట్టింది. నాకు కోపం వచ్చింది. ఇల్లు పోతే ఈమె పుల్లలు ఏరుతుందేమిటి అని. "రా, నువ్వూ ఏరు" అంది. "27 దాకానే చదివాం. 28లో ఏముందో తెలుసా? ఒడ్డుకొచ్చాక చలి, వాన. ఆ దీవివాళ్లు మంట వేసారు. పౌలు కూడా పుల్లలు ఏరాడమ్మా. అంత పెద్ద అపొస్తలుడు. కూర్చుని ప్రార్థన చెయ్యలేదు, మోపెడు పుల్లలేరి మంటలో వేసాడు." ఒక అడుగు వేసి మళ్లీ తిరిగి చూసింది. "ఆ పుల్లల్లోంచే పాము కూడా వచ్చింది. నువ్వు కర్రతో తట్టి చూసుకుని ఏరు."

తడి పుల్లలు అంటుకోవడానికి గంట పట్టింది. పొగకి అందరి కళ్లలో నీళ్లు. ఆ పొగలో ఎవరు ఏడుస్తున్నారో ఎవరికీ తెలియలేదు, అదీ ఒక మేలే. మేస్త్రీ భార్య తెచ్చిన అటుకులు, మా బియ్యం కలిపి గుండిగలో గంజి కాచారు. వేడి గంజి తాగుతుంటే మొదటిసారి అమ్మ నోరు విప్పి, "వీడి స్వెట్టరు ఎక్కడ?" అంది. అమ్మ మళ్లీ మాలో పడిందని నాకు అప్పుడు తెలిసింది.

నాన్న నాలుగో రోజు సాయంత్రం వచ్చాడు. రైళ్లు లేవు, రోడ్డంతా చెట్లు. లారీ ఇచ్ఛాపురంలో వదిలేసి అక్కడి నుంచి బరంపురం, బరంపురం నుంచి గోపాలపూర్, దగ్గర దగ్గర నలభై కిలోమీటర్లు నడిచాడు. చేతిలో ఒక బిస్కెట్ ప్యాకెట్, కాళ్లకి చెప్పులు లేవు. మామ్మ అతన్ని చూసి ఏమీ అనలేదు. కూర్చోబెట్టి కాళ్లు కడిగింది. కడుగుతూ కడుగుతూ 121వ కీర్తన మొత్తం చెప్పింది. ఆ నాలుగు రోజులూ ఆమె ఒక్క రాత్రీ పడుకోలేదని అమ్మ తర్వాత చెప్పింది.

ఇంతటితో అయిపోయిందనుకుంటే, పన్నెండు రోజులకే, అక్టోబరు 29న, పారదీప్ దగ్గర సూపర్ సైక్లోన్ తీరం దాటింది. జగత్సింగ్‌పూర్ జిల్లా ఎరసమ వైపు ఊళ్లకి ఊళ్లే నీళ్లలో పోయాయి. రాష్ట్రం మొత్తం మీద దగ్గర దగ్గర పదివేల మంది చనిపోయారు. ఆ కబురు విన్న రోజు మేమింకా టార్పాలిన్ కిందే ఉన్నాం. మామ్మ పిడికెడు బియ్యం డబ్బా తీసుకుని బయల్దేరింది. మా చర్చిల్లో ఆడవాళ్లకి అదొక అలవాటు. పూట పూటా ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా వేస్తారు, వారానికోసారి దేవుని పనికి ఇస్తారు. ఇల్లు లేనివాళ్ల దగ్గర ఇల్లు లేని ముసలమ్మ పిడికెడు బియ్యం అడిగింది. ఇచ్చారు. గంగమ్మకి మొక్కేవాళ్లూ ఇచ్చారు. రెండు బస్తాలు నిండాయి. బరంపురం నుంచి వెళ్లే లారీలో వాటిని ఎక్కించిన రోజు నాన్న స్టీరింగు దగ్గర ఉన్నాడు.

మామ్మ 2006లో పోయింది. నిద్రలోనే.

2013 అక్టోబరు 12, శనివారం. మళ్లీ దసరా రోజులే. ఫైలిన్ తుఫాను. నేను అప్పటికి బరంపురంలో పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. అమ్మానాన్నలని తీసుకెళ్దామని రెండు రోజుల ముందే గోపాలపూర్ వస్తే ఊరు అప్పటికే ఖాళీ అవుతోంది. 1999 నేర్పిన పాఠం ప్రభుత్వం బాగా నేర్చుకుంది. ఒడిశాలో దగ్గర దగ్గర పది లక్షల మందిని ముందే షెల్టర్లకి తరలించారు. ఇంటింటికీ వచ్చి, రానన్న ముసలివాళ్లని ఎత్తుకుని మరీ తీసుకెళ్లారు. అంత పెద్ద తుఫానుకి పోయిన ప్రాణాలు పదుల్లోనే ఆగాయంటే ఆ కష్టమే కారణం. దాన్ని కూడా నేను దేవుని కృపలోనే లెక్కవేసుకుంటాను. ఆ జీపులు నడిపిన వాళ్ల కోసం ఇప్పటికీ పేరు తెలియకుండానే ప్రార్థిస్తాను.

నాన్న మొండికేశాడు. సామాను, గేదె, అన్నీ వదిలి వచ్చేసరికి దారి మూసేసే వేళ అయింది. బరంపురం వెళ్లలేక దగ్గరున్న ఒక బడి భవనంలోనే ఆగిపోయాం. పై అంతస్తులో ఒక గదిలో మేం నలభై ఏడుగురం. రాత్రి తొమ్మిది ప్రాంతంలో అది మా గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్లు దాటిన గాలి. అదే గూడ్సు బండి. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. చెవులు మూసుకుని నా ఒంటికి అతుక్కుపోయింది. నాకు తెలియకుండానే నా చేతులు చీర కొంగుని మడతలు పెడుతున్నాయి. టెన్షన్‌తో నోరు ఎండిపోయింది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు మామ్మకున్నంత ధైర్యం లేదు. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు.

అమ్మ చీకట్లో సంచి తడిమి ప్లాస్టిక్ కవరులో చుట్టిన మామ్మ బైబిలు తీసి నా ఒళ్లో పెట్టింది. "27 తియ్యి" అంది. ఫోను వెలుగులో ఆ ఉబ్బిన పేజీలు వాటంతట అవే తెరుచుకున్నాయి. మొదట నా గొంతు నాకే వినపడలేదు. ఊరకులోను దగ్గరికి వచ్చేసరికి మా అమ్మాయి చెవుల మీంచి చేతులు తీసి, "అదేం పేరు?" అంది. పక్కనున్న ఇంకో పిల్ల కూడా జరిగి కూర్చుంది. ఇరవై బారలు, పదిహేను బారలు, నాలుగు లంగర్లు. ఆ ముసలి తాత ఇప్పుడు లేడు. ఆయన మనవడు గోడకి ఆనుకుని ఉన్నాడు. లంగర్ల దగ్గర తలూపాడు. 276 దగ్గర ఆగి నేను గదిలో జనాన్ని లెక్కపెట్టాను. బిస్కెట్లు పంచుకున్నాం. గాలి ఆగినప్పుడు ఎవరూ తలుపు దగ్గరికి వెళ్లలేదు.

తెల్లవారి బయటికి వస్తే మళ్లీ అదే. విరిగిన సరుగుడు, పడిపోయిన కరెంటు స్తంభాలు, ఇసుక నిండిన రోడ్డు. నలభై ఏడుగురం ఉన్నాం. నాన్న మెట్ల మీద కూర్చుని గేదె ఉందో లేదో అని అటే చూస్తున్నాడు. అమ్మ ఎక్కడి నుంచో మూడు ఇటుకలు తెచ్చి పొయ్యి పెట్టింది. నేను వంగి పుల్లలు ఏరుతుంటే మా అమ్మాయి వెనకే వచ్చింది.

"కర్రతో తట్టి చూసుకుని ఏరమ్మా" అన్నాను.